పొగగొట్టాన్ని వెనక్కి జరిపి చూశాను: టెమరేర్ నకలు డైరీ

మొదటి రోజు

ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ వేసిన టెమరేర్ ఓడ బొమ్మకి నకలు వేయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. మొత్తానికి కాన్వాస్ కొనేశాను కాబట్టి ఇక తప్పించుకోవడానికి లేదు. అసలు బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఎత్తు 90.7 సెంటీమీటర్లు, వెడల్పు 121.6. నా కాన్వాస్ 45 బై 60, అంటే దాదాపు సగం, పొడవు వెడల్పుల లెక్క కూడా సరిపోయింది. ఇవాళ కలిసొచ్చింది అదొక్కటే, ఎందుకంటే గీత గీద్దామని కూర్చుంటే రెండు గంటలు పెన్సిల్ చెక్కడంతోనే గడిచిపోయింది.

అచ్చు గుద్దినట్టు వేసి గోడకి తగిలించుకుందామని కాదు ఈ పని. ఈ బొమ్మ గురించి ఎక్కడ చదివినా ఒకే పాట: ముసలి ఓడ అంటే పాత కాలం, దాన్ని లాక్కెళ్లే నల్లటి చిన్న ఆవిరి పడవ, అదే టగ్ బోటు, అంటే కొత్త కాలం, సూర్యాస్తమయం ముగింపు, నెలవంక ఆరంభం. చదివినప్పుడల్లా తలూపుతాను, తీరా ఆ దిగులు బొమ్మలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే చూపించలేను. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నా. ఒక్కొక్క వస్తువూ వేయడం, తర్వాత ట్రేసింగ్ పేపర్ మీద దాన్ని తీసేసో పక్కకి జరిపో చూడడం. తీసేస్తే ఏం పోతుందో అదే దాని పని అనుకోవాలి.

తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. టెమరేర్ 98 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక, 1798లో చాథమ్‌లో నీళ్లలోకి దిగింది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఉన్న విక్టరీ నౌక వెనకే వెళ్లి, విక్టరీ ఇరుక్కుపోయినప్పుడు ఆదుకుని, రెండు ఫ్రెంచి నౌకల్ని పట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఖైదీల్ని ఉంచారు, కొన్నాళ్లు సరుకులు నిల్వ చేశారు. ఆఖరికి 1838లో ఓడలు విడగొట్టే వ్యాపారి జాన్ బీట్సన్‌కి 5,530 పౌండ్లకి అమ్మేశారు. సెప్టెంబరు 5, 6 తేదీల్లో షియర్‌నెస్ నుంచి థేమ్స్ నదిలో రోథర్‌హైత్ దాకా లాక్కుపోయారు. ఆ మరుసటి ఏడాదే టర్నర్ ఈ బొమ్మని రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెట్టాడు. అప్పటికి ఆయనకి 64.

రెండో రోజు

ఇవాళ రంగు ముట్టుకోలేదు. ప్రింటుని ఫోన్‌లో నలుపు తెలుపు చేసి, కళ్లు సగం మూసి చూస్తూ చిన్న చిన్న బొగ్గు స్కెచ్‌లు ఐదు వేశాను. పోస్టుకార్డు సైజువి. నాలుగు చించేశా.

ఐదోది వేస్తున్నప్పుడు ఒకటి తట్టింది. రంగు తీసేస్తే ఓడ దాదాపు మాయమైపోతోంది. వెనక ఆకాశం లేత, ఓడ ఒళ్లూ లేతే, ఆవిరిని ముద్ద కట్టి పెట్టినట్టు. బొగ్గు నొక్కి పట్టాల్సిన చోట్లు రెండే రెండు: టగ్ బోటు, కుడివైపు కింద మూలన నీళ్లలో తేలే బోయా. బొమ్మకి పేరు ఓడది, కథంతా ఓడది, కానీ కన్ను ముందు పోయేది మాత్రం టగ్ దగ్గరికే. అంటే ఓడని మనం నేరుగా చూడట్లేదు, టగ్‌ని చూస్తుంటే దాని భుజం మీదుగా కనబడుతోంది. ఈ ముక్క ఇన్నేళ్లలో నాకు ఎందుకు కనబడలేదో!

నాలుగో రోజు

అడుగు పూత అయింది. ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టి రంగులో టర్పెంటైన్ బాగా కలిపి కాన్వాస్ అంతా పల్చగా పులిమి, అది ఆరాక పెద్ద ఆకారాలు పెట్టాను. ఎడమవైపు పైన నీలం, కుడివైపంతా నిప్పు. ఆ నీలం ఊరికే ఒక మచ్చ కాదు, త్రికోణం. ఓడ ఆ త్రికోణంలోనే నిలబడి ఉంటుంది. దాని వెనకాల ఇంకొన్ని ఓడలు, పడవలు, దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ ఇంకో త్రికోణం.

ఈ వెనకాల పడవల్ని అందరూ వదిలేస్తారు. నేనూ వదిలేసేవాణ్ణే, కానీ నకలు వేసేవాడికి ఏదీ వదిలేసే వీలుండదు. అన్నీ వేయాలి కాబట్టి అన్నీ చూడాలి. ఒక చిన్న పడవ తెరచాప గాలి అందీ అందక వేలాడుతోంది. దాని అవతల ఒక పెద్ద ఓడ ఉన్న గుడ్డంతా విప్పి పెట్టుకుని కూర్చుంది, అయినా కదలట్లేదు. గాలి లేదు. గాలి లేనప్పుడు తెరచాప ఓడ ఏం చేస్తుంది? ఎదురుచూస్తుంది. అవన్నీ అలా నిలబడిపోయి ఉంటే, వాటి మధ్య నుంచి టగ్ మాత్రం తన పాటికి తాను నీళ్లు చిమ్ముకుంటూ వచ్చేస్తోంది. నది అంతా అద్దంలా ఉంటే తెడ్డు చక్రాల దగ్గర ఒక్కచోటే నీళ్లు విరిగాయి.

పాత కాలం, కొత్త కాలం అని పెద్ద మాటలు అక్కర్లేకుండా ఇది నేరుగా చెప్తోంది. గాలి కోసం ఆగేవి కొన్ని, ఆగనిది ఒకటి. ట్రేసింగ్ పేపర్ మీద వెనక తెరచాపల్ని గాలికి ఉబ్బినట్టు గీసి బొమ్మ మీద పెట్టి చూశాను. దిగులు సగానికి సగం పోయింది. ఏదో రద్దీ రేవులో మామూలు సాయంత్రంలా తయారైంది. ఓడని ముట్టుకోలేదు, సూర్యుణ్ణి ముట్టుకోలేదు, మూడు గుడ్డ ముక్కలు ఉబ్బించానంతే.

ఆరో రోజు

పని తక్కువ. ఆకాశం అడుగు పొర ఇంకా అంటుకుంటోంది, ఆగాల్సిందే.

చెల్లి వచ్చి కాసేపు నిలబడి చూసింది. "అన్నయ్యా, చిన్నది పెద్దదాన్ని లాగుతోందా, పెద్దది చిన్నదాన్ని వెనక నుంచి తోస్తోందా?" అని అడిగింది. నవ్వాను కానీ, ప్రింటు చూస్తే ఆ అనుమానం న్యాయమైనదే. రెండూ ఒకదాని మీద ఒకటి పడినట్టు ఉంటాయి, మధ్యలో నీళ్లు కనబడవు. టగ్ ముక్కు మన వైపు తిరిగి ఉంది, వెనకాల ఓడ గోడలా లేచింది. లాగుతున్నవాడు పడే కష్టం టగ్‌లో లేదు, లాగించుకునేవాడి మొండితనం ఓడలో లేదు. ఊరేగింపులా ఉందేగాని ఈడ్చుకుపోతున్నట్టు లేదు. ఆ మాట తనతో అంటే, "మరి ఈడ్చుకుపోతోందని నువ్వే కదా నిన్న చెప్పావు" అంది. నిజమే, చెప్పాను.

తొమ్మిదో రోజు

ఓడ రోజు. చెత్తగా గడిచింది.

పొద్దున్నే ఓడ ఒంటికి బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, కొంచెం నలుపు కలిపి గట్టిగా వేసేశా. చేతికి ధైర్యం వచ్చిందనుకున్నా. మధ్యాహ్నానికి చూస్తే బీరువా తేలుతున్నట్టుంది. ఓడకి బరువు వచ్చేసింది. బరువు రాగానే అది నిజమైన ఓడ అయిపోయింది, నిజమైన ఓడ అయిపోగానే జాలి పోయింది. ఎందుకని ఇలా అవుతుందో మాటల్లో పెట్టడం కష్టం. చేతికి మాత్రం తెలిసిపోయింది.

గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పల్చటి పూతలు, ఒకదాని మీద ఒకటి. తెలుపులో చిటికెడు ఓకర్, నీడలో చిటికెడు నీలం, నూనె ఎక్కువ, రంగు తక్కువ. టర్నర్ చేసిందీ ఇదే, ఓడని సన్నగా, ఓపిగ్గా వేసి, సూర్యుడి చుట్టూ మాత్రం రంగు ముద్దలు ముద్దలుగా పెట్టాడు. వస్తువు పల్చన, వెలుతురు చిక్కన. మామూలుగా మనం వేసేదానికి పూర్తిగా తిరగేసి.

తర్వాత స్తంభాలు. వీటి దగ్గర టర్నర్ నిజాన్ని పక్కన పెట్టేశాడు. అమ్మేముందే షియర్‌నెస్‌లో ఓడ మీది ఫిరంగులు, తెరచాప స్తంభాలు, తాళ్లు అన్నీ ఊడదీసేశారు. నిజంగా నది మీద వెళ్లింది ఒట్టి డొల్ల. లాగిన టగ్‌లు కూడా ఒకటి కాదు, రెండు. ట్రేసింగ్ పేపర్ మీద మూడు స్తంభాలూ తీసేసి పెట్టి చూశా. మిగిలింది ఒక లేతరంగు పెట్టె. దాన్ని చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదు, స్క్రాపు సామాను పోతోంది అనుకుంటారు. స్తంభాలు తిరిగి పెడితే, నిటారుగా నిలబడి తనంతట తాను నడిచొస్తున్న మనిషి అయిపోతుంది. చనిపోయినవాళ్ల ఫొటోకి మంచి బట్టల్లో ఉన్నది వెతికి ఫ్రేము కట్టిస్తాం కదా, అలాంటి పని చేశాడాయన.

పన్నెండో రోజు

ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను ఎదురుచూసింది ఈ రోజు కోసమే. పొగగొట్టం.

ఆనాటి టగ్ బోట్లలో స్తంభం ముందు, పొగగొట్టం దాని వెనకాల ఉండేవి. టర్నర్ బొమ్మలో పొగగొట్టం ముందుకొచ్చేసింది. అందరికన్నా ముందు, ఎత్తుగా, నల్లగా. 1845లో ఈ బొమ్మని ముద్రణ కోసం పలక మీద చెక్కినాయన దీన్ని పొరపాటనుకుని 'సరిదిద్దాడు', స్తంభాన్ని ముందుకి, గొట్టాన్ని వెనక్కి. నేనూ అదే చేసి చూద్దామని రెండు ట్రేసింగ్ కాగితాలు సిద్ధం చేసుకున్నా.

మొదటిది సరిదిద్దిన పద్ధతి. గొట్టం టగ్ నడుము దగ్గరికి వచ్చింది. పొగ వెనక్కి పోవాలి కాబట్టి బయల్దేరడమే ఓడ ముఖంలోకి. బోటు చక్కగా, నౌకాశాస్త్రం ప్రకారం సరిగ్గా ఉంది. కానీ ఏదో ఒక పని జరుగుతోంది అన్నట్టుందంతే. ఎవరో ఒక బోటు, ఎవరిదో ఒక ఓడ.

రెండోది టర్నర్‌ది. నల్ల గొట్టం, దాని వెనక టగ్ స్తంభం, దాని వెనక ఓడ స్తంభాలు, వరసగా. ముందు నిప్పు నడుస్తోంది, వెనక కొయ్యలు వస్తున్నాయి. పొగ ఎర్రగా వెనక్కి వాలి ఓడ స్తంభాల మధ్యకి పోతోంది. ఆ ఎరుపు సూర్యుడి పక్కన మబ్బుల్లో ఉన్న ఎరుపే, రంగు కలిపేటప్పుడు విడిగా కలపాల్సిన అవసరం రాలేదు, అదే గిన్నెలోది వాడాను. కుడివైపు ఆకాశం చేస్తున్న పనినే ఎడమవైపు ఆ చిన్న బోటు చేస్తోంది. అందుకే కాబోలు టగ్‌ని విలన్ అని అంటుంటే నాకు ఒప్పబుద్ధి కాదు. ఈయనేమీ ఆవిరి అంటే గిట్టనివాడు కాదు, ఐదేళ్ల తర్వాత 1844లో వానలో దూసుకొచ్చే రైలింజన్ని ప్రేమగా వేసినవాడే. ఇక్కడ టగ్ నల్లగా ఉంది నిజమే, దుర్మార్గంగా మాత్రం లేదు. తెలుగులో చెప్పాలంటే అది తన డ్యూటీ చేసుకుంటోంది.

టగ్ స్తంభం మీద తెల్ల జెండా. చాలామంది లొంగిపోయినందుకు గుర్తు అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అసలు సంగతేమిటంటే ఓడ అమ్ముడుపోయింది, ఇక నౌకాదళానిది కాదు కాబట్టి దాని జెండా ఎగరెయ్యడానికి లేదు. ప్రదర్శనలో బొమ్మ పక్కన టర్నర్ ఒక పాత నావికుల కవితలోని పాదాలు కొంచెం మార్చి పెట్టాడు, యుద్ధానికీ గాలికీ ఎదురునిలిచిన ఆ జెండాకి ఇప్పుడు ఈ ఓడతో సంబంధం లేదు అనే భావంతో. మిగతా ప్రతీకలన్నీ మనం ఊహించుకున్నవి కావచ్చు, ఇది మాత్రం ఆయన నోటితో చెప్పినదే. నా కాన్వాస్ మీద ఆ జెండా అన్నం మెతుకంత ఉంది. మూడు సార్లు పెట్టి మూడు సార్లు తీశా.

పదిహేనో రోజు

సూర్యుడు. పాలెట్ నైఫ్‌తో పసుపూ తెలుపూ దట్టంగా పెట్టాను. సంతోషంలో కాస్త ఎక్కువే పెట్టేశానేమో, గంట తర్వాత చూస్తే ఒక ముద్ద మెల్లగా కిందికి జారుతోంది. కాన్వాస్‌ని పడుకోబెట్టాను. ఆ కంగారులో చొక్కా చెయ్యి తగిలి ఓడ ముందు స్తంభం మీద నారింజ గీత పడింది. తుడిస్తే కింది పూతలు రెండు కూడా లేచొచ్చాయి. తొమ్మిదో రోజు పనిలో పావు వంతు గల్లంతు.

స్కేలు పెట్టి కొలిస్తే ఓడ ప్రధాన స్తంభం ఎడమ అంచుకి ఎంత దూరంలో ఉందో, సూర్యుడు కుడి అంచుకి దాదాపు అంతే దూరంలో ఉన్నాడు. తక్కెడకి రెండు పళ్లేల్లా. మధ్యలో ఏమీ లేదు, ఖాళీ నీళ్లు. బొమ్మ మధ్యలో ఏమీ పెట్టకుండా వదిలేయడం ఎంత కష్టమో వేసేవాళ్లకే తెలుస్తుంది, చెయ్యి దురద పెడుతుంది, ఒక పక్షినైనా పెడదామా అని. పెట్టలేదు.

ఇంకో తిరకాసు. షియర్‌నెస్ నుంచి రోథర్‌హైత్ అంటే పడమరకి ప్రయాణం. సాయంత్రమైతే సూర్యుడు ఓడకి ఎదురుగా ఉండాలి. బొమ్మలో ఓడ వెనకాల దిగుతున్నాడు. అంటే ఓడ వెలుగుకి వీపు పెట్టి మన వైపు వస్తోంది. సూర్యుణ్ణి సరైన దిక్కున పెడితే మనకి ఓడ వెనక భాగం కనబడేది, అస్తమయంలోకి వెళ్లిపోతున్న వీపు. చాలామంది అలాగే వేసేవాళ్లు, నేనైతే కచ్చితంగా అలాగే వేసేవాణ్ణి. వెళ్లిపోతున్నవాళ్ల వీపు చూపించడం తేలిక. ఎదురుగా వస్తున్నవాళ్ల ముఖం మీద వెలుతురు లేకుండా చూపించడం తేలిక కాదు.

పదహారో రోజు

చంద్రుడికి పది నిమిషాలు పట్టింది. ఆలోచనకి సాయంత్రమంతా.

ఎడమవైపు పైన సన్నటి నెలవంక. అందరూ రాసేది, సూర్యుడు దిగిపోతున్నాడు, చంద్రుడు లేస్తున్నాడు, ఒక యుగం పోయి ఇంకోటి వచ్చింది అని. కానీ సాయంత్రం కనబడే నెలవంక లేవదు కదా! అమావాస్య వెళ్లాక విదియనాడో తదియనాడో పడమటి ఆకాశంలో సన్నగా కనిపించి, సూర్యుడి వెనకాలే కాసేపటికి అదీ దిగిపోతుంది. పెరిగే చంద్రుడే, సందేహం లేదు, రోజురోజుకీ పెద్దదవుతుంది. ఈ రాత్రికి మాత్రం దాని టైమూ దగ్గరపడింది. పుస్తకాల్లో రాసే 'కొత్త యుగోదయం' కంటే నాకు ఇది ఎక్కువ నచ్చింది. ఇవాళ కొత్తగా వచ్చినదానికి కూడా ఒక దిగే వేళ ఉందని ఆయన అనుకుని వేశాడా అంటే, అనుకున్నాడనే నా పట్టుదల. ఎవరైనా కాదంటే వాదిస్తాను.

చంద్రుణ్ణి వేలితో మూసి చూశాను. బొమ్మ పడిపోలేదు, కానీ ఎడమవైపు వేడెక్కింది, ఓడ తెల్లదనం మాసిపోయినట్టైంది. ఓడ మీద పడే ఆ చల్లటి వెలుగు సూర్యుడిది కాదన్నమాట. ఓడ వెనకాల సూర్యుడు, పైన చంద్రుడు, రెండు వెలుతుర్లు దాని మీద కలుసుకుంటున్నాయి, రెండింట్లో ఏదీ దాన్ని పూర్తిగా పట్టుకోలేదు. దెయ్యంలా ఉంది అంటారే, ఆ దెయ్యపు రంగు ఇక్కడి నుంచి వచ్చింది.

పందొమ్మిదో రోజు

స్తంభం రిపేరు అయింది. అతుకు కనబడుతోంది, దగ్గరికొచ్చి చూస్తే. దగ్గరికి రాకండి.

మిగిలింది బోయా. కుడివైపు కింద మూల, ముదురు గోధుమ రంగు, నీళ్లలో ఒరిగి. నిజం చెప్పాలంటే దీన్ని వేయకుండా వదిలేద్దామనుకున్నా, కూర్పు కోసం పెట్టిన బరువు అనుకుని. తీసేసి చూస్తే కుడివైపంతా గాల్లోకి ఎగిరిపోయింది, సూర్యుడు పోస్టరులా అయిపోయాడు. అంటే బరువు సంగతి నిజమే. కానీ ఇంకోటి కూడా ఉంది. బొమ్మలో కదలనిది, కదలాలని అనుకోనిది ఇదొక్కటే. తెరచాపలు గాలి కోసం చూస్తున్నాయి, టగ్ వెళ్తోంది, ఓడ వెళ్లక తప్పట్లేదు, సూర్యుడూ చంద్రుడూ దిగుతున్నారు. ఇది మాత్రం గొలుసుకి కట్టేసి ఉంది. ఏ ఓడ వచ్చినా ఏ ఓడ పోయినా అక్కడే ఉంటుంది. నదికి అంటూ ఒక మనసు ఉంటే అది ఈ బోయాలో ఉందనిపించింది, రాత్రి పదకొండింటికి ఒంటరిగా కూర్చుంటే ఇలాంటివే అనిపిస్తాయి.

టర్నర్ ఈ బొమ్మని అమ్మలేదు. ఒకసారి అరువిచ్చాక, నా డార్లింగ్‌ని ఇంకెప్పుడూ ఎవరికీ ఇవ్వను అని ఉత్తరంలో రాశాడు. పోయేదాకా తన దగ్గరే ఉంచుకుని, తర్వాత దేశానికి వదిలేశాడు. ఇప్పుడు బ్రిటన్ 20 పౌండ్ల నోటు మీద ఆయన ముఖం, వెనకాల ఈ ఓడ. 5,530 పౌండ్లకి అమ్మిన ఓడ నోటెక్కి కూర్చుంది.

చెల్లిని పిలిచి మళ్లీ చూపించాను, ఇప్పుడు చెప్పు, లాగుతోందా తోస్తోందా అని. చాలాసేపు చూసి, "ఓడ సంగతేమో గానీ, నీ బోయా మాత్రం మునిగిపోతోంది అన్నయ్యా" అంది. చూస్తే నిజమే, కింద నీడ పొట్టిగా వేశాను. సూర్యుడి చుట్టూ రంగు ఇంకా పచ్చిగానే ఉంది, నెలలు పడుతుంది ఆరడానికి, మోచేయి దూరంగా పెట్టుకుని నీడని అర అంగుళం పొడిగించాను.